పదకొండు చీరల కారవాన్

సౌదీలో సముద్రం ఒడ్డునున్న రాబిగ్‌లో ఆ జూన్ నెల ఆఖరి వారమంతా దస్తగిరిని ఒకటే ప్రశ్న పట్టుకుని పీడించింది. కప్పాలా, వద్దా? అన్నం కలుపుకుంటూ అదే ఆలోచన, కారు తుడుస్తూ అదే ఆలోచన, ఆఖరికి నమాజులో నిలబడినా అదే. దేవుడి ముందు నిలబడి టార్పాలిన్ పట్ట గురించి ఆలోచించే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి.

కప్పాల్సింది ఒక కారవాన్‌ని. సినిమావాళ్లకు షూటింగుల్లో ఉంటుందే, ఆ జాతిదే. కాకపోతే దీనికి ఇంజను ఉండదు, జీపు వెనకాల తగిలించి లాక్కుపోవాలి. లోపల రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, చిన్న సింకు, మోకాలెత్తు ఫ్రిజ్జు, మనిషి ఒద్దికగా నిలబడి నీళ్లు పోసుకునేంత స్నానాల గది. చలికాలం వస్తే దస్తగిరి వాళ్ల కఫీల్ తన పెళ్లాం పిల్లలతో దాన్ని ఎడారిలోకి తీసుకుపోయి వారం పది రోజులు సరదాగా గడిపొస్తాడు. ఎండాకాలమంతా అది ఇంటి వెనక పెరట్లో ఊరికే పడి ఉంటుంది.

కఫీల్ అంటే వీసా ఇచ్చిన యజమాని. ఆయన పేరు అబూ నాయిఫ్. దస్తగిరి కన్నా ఆరేళ్లు చిన్నవాడే గానీ, ఇళ్లల్లో పనిచేసే డ్రైవర్లు యజమానిని 'బాబా' అనడం ఇక్కడి మర్యాద. అందుకని నలభై ఎనిమిదేళ్ల దస్తగిరి, నలభై రెండేళ్ల మనిషిని పదహారేళ్ల నుంచి బాబా అని పిలుస్తున్నాడు. ఇద్దరికీ అలవాటైపోయింది.

పిల్లల బడులకు సెలవులిచ్చాక అబూ నాయిఫ్ కుటుంబం చల్లగా ఉంటుందని తాయిఫ్ కొండల్లోకి బయల్దేరింది. కారెక్కబోతూ ఆయన కారవాన్ తాళాలు దస్తగిరి చేతిలో పెట్టాడు.

"నీ భార్య ఉమ్రాకు వస్తుందన్నావు కదా, సెప్టెంబరులో. ఎక్కడ ఉంచుతావు?" అని అరబ్బీలో అడిగాడు.

దస్తగిరి తానుండే గది వైపు చూశాడు. గేటు పక్క గదిలో తనతో కలిపి ముగ్గురు మగాళ్లు. భార్య మాబున్నీ మక్కాలో ఉమ్రా యాత్ర చేసుకుని, వచ్చిన గుంపుతోనే రాయచోటికి తిరిగిపోతుంది. తాను మక్కాకు పోయి ఒక పూట కళ్లారా చూసి వస్తాడు. అంతకుమించి అతను ఆశ పడలేదు.

"ఈ కారవాన్‌లో పది రోజులు ఉండండి," అన్నాడు అబూ నాయిఫ్. "ఆగస్టులో నేను వచ్చి చూస్తా. బాగుంటేనే సుమా. పాడు చేశావో, మా ఆవిడ నన్ను ఇంట్లోకి రానివ్వదు, నేను నిన్ను కారవాన్‌లోకి రానివ్వను."

"కప్పి పెట్టమంటారా బాబా, వట్టిగా వదిలెయ్యమంటారా?"

"నీ ఇష్టం," అని గబగబా కారెక్కి అద్దం పైకెత్తేసుకున్నాడు. అంత తొందర ఎందుకో దస్తగిరికి అప్పుడు అర్థం కాలేదు.

మీకు ఇదొక పెద్ద విషయంగా తోచకపోవచ్చు. దస్తగిరికి మాత్రం ప్రాణం లేచొచ్చింది. పదహారేళ్లుగా రెండేళ్లకోసారి రెండు నెలల సెలవు మీద ఊరికి పోతున్నాడు. పోయినప్పుడల్లా సొంత ఇంట్లో చుట్టమే. కొత్త దుప్పటి పరుస్తారు, కోడిని కోస్తారు, లేవబోతే కూతురు ఆయేషా 'నువ్వు కూచో నాయనా' అంటుంది. పక్కింటివాళ్లు వచ్చిన మర్నాడే 'మళ్ల ఎప్పుడు పోతాండావు?' అని అడుగుతారు. ఆ ఇల్లు మాబున్నీది. కట్టించుకున్నదీ ఆమే, నడుపుకుంటున్నదీ ఆమే, తాను డబ్బు పంపినవాడు, అంతే. ఒక్కసారైనా తన గూటికి పెళ్లాన్ని పిలవాలి, తాను మర్యాద చేయాలి, ఆమె కాలు మీద కాలేసుకుని కూచోవాలి. ఎవరికీ చెప్పుకోలేని కోరిక అది. చెప్తే నవ్వుతారని మనసులోనే పెట్టుకున్నాడు.

"మే మాబున్నీ, ఈసారి నువ్వే మా ఇంటికి రావల్ల," అన్నాడు ఆ సాయంత్రం ఫోన్లో.

"మీ ఇంటికా? యాడుందయ్యా మీ ఇల్లు?"

"చక్రాల మీద ఉండాది."

మాబున్నీ విషయమంతా చెప్పించుకుంది. తర్వాత, "హీరోయిన్లు కూచుంటారే, ఆ బండా?" అంది.

"ఆ బండే."

ఇంకేముంది, తెల్లారేసరికి వీధి వీధంతా తెలిసిపోయింది. సెప్టెంబరులో మాబున్నీ పోయి హీరోయిన్ల బండిలో పది దినాలు ఉంటుందట. ఇక దాన్ని పాడు చేసుకుంటే దస్తగిరి రాయచోటిలో తలెత్తుకు తిరగగలడా?

శుక్రవారం మధ్యాహ్నం కాలేషా వచ్చాడు. ప్రొద్దుటూరు మనిషి, రాబిగ్‌లో ఏసీ మెకానిక్కు. పని మంచిదే, నోరే మంచిది కాదు. ఎవరేమన్నా కాదనకపోతే ఆ పూట అతనికి తిన్నది అరగదు. చికెన్ పళ్లెం చేత్తో పట్టుకునే కారవాన్ చుట్టూ తిరిగి, టైరును కాలితో తట్టి, "కప్పొద్దన్నా," అన్నాడు.

"ఎందుకబ్బీ?"

"ఈడ గాలి లేస్తే పట్ట ఊరికే ఉంటాదా? టపాటపా కొట్టుకుంటాది. పట్టకూ బండికీ నడుమ ఇసుక దూరి, గరుకు కాగితం పెట్టి రుద్దినట్టు రంగంతా గీసి పారేస్తాది."

"అయితే వట్టిగా వదిలేస్తా."

"వదిలేస్తే అయిపోయినట్టే. ఈ ఎండకు కిటికీల రబ్బర్లు పగుల్తాయి. పైన రంగు పాలిపోతాది. సముద్రం గాలికి ఇనుమంతా తుప్పు."

"మరి ఏం చేయమంటావు?"

"అది నువ్వు ఆలోచించుకోవల్ల. నేను ఏసీ మెకానిక్‌ను," అని చికెన్ ముక్క నోట్లో వేసుకున్నాడు కాలేషా.

కాలేషా వద్దన్నాడు గనక కప్పడమే మంచిదని దస్తగిరి తేల్చుకున్నాడు. అదొక్కటే కారణం కాదులెండి. పట్ట కట్టడం అతనికి చేతనైన విద్య. సౌదీకి రాకముందు పదేళ్లు లారీల మీద బతికాడు. మొదట క్లీనరు, తర్వాత డ్రైవరు. రాయచోటి నుంచి మద్రాసుకు శనక్కాయల లోడు పోతుంటే, దారిలో ఎంత వాన కొట్టినా దస్తగిరి కట్టిన పట్ట కింద ఒక్క కాయ తడిసేది కాదు. పట్ట అంచు లోపలికి మడిచి, మోకు కొక్కేనికి వేసి, కాలు బండికి తన్నిపెట్టి లాగితే ఆ బిగువుకు చీమ కూడా దూరదని లారీ ఓనరు పదిమందిలో చెప్పుకునేవాడు. మొన్న మొన్న విన్నట్టుంది ఆ పొగడ్త అతనికి.

ఆ శనివారం మనిషి పూనకం వచ్చినట్టు పనిచేశాడు. కారవాన్ లోపలా బయటా సబ్బు నీళ్లతో కడిగాడు. పరుపులు కడిగాడు, కింద తివాచీ కడిగాడు, గోడలకున్న చెక్క పలకలు కూడా తుడిచాడు. మధ్యాహ్నమంతా తలుపు తీసి ఆరబెట్టి, సాయంత్రం చేత్తో తడిమి చూశాడు. పొడిగానే తగిలింది. నీలం టార్పాలిన్ పట్ట తెచ్చి, కాలు తన్నిపెట్టి, శనక్కాయల లోడుకు కట్టినట్టే కట్టేశాడు. ఎక్కడా సందు లేదు. అరచేత్తో కొడితే డప్పులా మోగింది. దూరంగా నిలబడి ఫోటో తీసి మాబున్నీకి పంపాడు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

ఇక్కడే మనవాడు తప్పులో కాలేశాడు. పరుపు పైగుడ్డ పొడిగా ఉంటే లోపల పొడిగా ఉన్నట్టు కాదు. ఈ ముక్క ఎవరికి తెలియకపోయినా అతనికి తెలియాలి. అతనిది తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టిన ఇల్లు, మాబున్నీదీ అంతే. కానీ లారీ విద్య ముందు ఇంటి విద్య మరుగున పడింది. శనక్కాయల లోడు రాత్రికి రాత్రి మద్రాసులో దిగిపోతుంది. రాబిగ్‌లో కారవాన్ నెలలు నెలలు నిలబడుతుంది. అదీ సముద్రం ఒడ్డున, చొక్కా వీపుకు అతుక్కుపోయే గాలిలో.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున మాబున్నీ వీడియో కాల్ చేసి, "మీ ఇల్లు రోంత చూపీ. పటం చూపిస్తే సరిపోతాదా?" అంది. వెనకాల ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ల తలలు కూడా కనపడుతున్నాయి. వాళ్లు చూడ్డానికే వచ్చారు మరి.

దస్తగిరి ఉషారుగా ఒక పక్క మోకులు విప్పి, పట్ట పైకి మడిచి, తలుపు తెరిచాడు. లోపల్నుంచి తగిలిన వాసనకు రెండడుగులు వెనక్కి వేశాడు. వానాకాలం మూసిపెట్టిన కొట్టు వాసన. ఫోను చేతిలో అలాగే ఉంది, కెమెరా లోపలికే తిరిగి ఉంది.

"పరుపు మీద ఆ మచ్చలేందయ్యా?"

"మచ్చలా? అది డిజైను."

"డిజైను కాదు, బూజు," అంది మాబున్నీ. వెనకాల తలలు ఒకదాని వెంట ఒకటి పక్కకు జరిగిపోయాయి. నలుగురిలో ఒకరి మొగుడి పరువు పోతుంటే చూడ్డం ఆ ఆడవాళ్లకూ ఇష్టం లేకపోయింది.

దస్తగిరి మెట్టు మీద కూలబడ్డాడు. రెండు పరుపులకూ నల్లటి చుక్కలు. తివాచీ అంచున పచ్చటి పాకుడు. మూలన గోడ పలక తడికి ఉబ్బి పొట్టలా వచ్చింది. బాబా వచ్చి చూస్తే ఏమంటాడు? ఏమీ అనడు, తాళాలు ఇమ్మంటాడు.

"పోన్లేమే," అన్నాడు చివరికి. "నువ్వు ఉమ్రా చేసుకోని గుంపుతోనే వెళ్లిపో. నేనే మక్కాకొచ్చి చూసి పోతా. ఈ ఇల్లూ గిల్లూ మనకు రాసిపెట్టి లేదు."

ఫోను పెట్టేయబోయాడు.

"పదహారేండ్లకు ఒకసారి మీ ఇంటికి రమ్మన్నావు," అంది మాబున్నీ. గొంతు గట్టిగా ఉంది. "పిలిచి మళ్ల రావద్దంటావా? నేనొస్తా. ఏడవడం ఆపి ఫోను ఆ మూలకు తిప్పు, ఎంతవరకు పాకిందో చూస్తా."

"నేనేడవలా."

"సరే, ఏడవలా. తిప్పు."

ఆ రోజు నుంచి దస్తగిరికి రాయచోటి నుంచి ఒక మేస్త్రీ తయారైంది. మొదటి హుకుం, ఆ పట్ట పీకి పారెయ్యమని. రెండోది, తలుపూ కిటికీలూ పొద్దున తెరిచి పొద్దుగూకేదాకా మూయొద్దని. తర్వాత పరుపుల వంతు. గుడ్డతో బూజు పొడిపొడిగా తుడిచి, వెనిగర్ రాసి, గోడకు ఆనించి ఎండలో నిలబెట్టాలి. పడుకోబెట్టకూడదు. రెండు గంటలకోసారి తిప్పాలి. తివాచీని మాత్రం మళ్లీ నీళ్లు చూపించకుండా కర్రతో దులపాలి. దస్తగిరి ఒక చేత్తో కర్ర, ఒక చేత్తో ఫోను పట్టుకుని పెరట్లో అటూ ఇటూ తిరుగుతుంటే గేటు పక్క గదిలో ఇద్దరూ కిటికీలోంచి వినోదం చూసేవాళ్లు.

"పరుపు మీద చెయ్యి పెట్టొద్దు, చెంప పెట్టి చూడు. చేతికి తడి తెలవదు, చెంపకు తెలుస్తాది," అనేది మాబున్నీ. నలభై రెండు డిగ్రీల ఎండలో దస్తగిరి పరుపుకు చెంప ఆనించి నిలబడేవాడు. ఒకసారి కాలేషా వచ్చి ఆ భంగిమలో చూసి, మాట్లాడకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. మెకానిక్కు మాట్లాడకుండా పోవడం రాబిగ్ చరిత్రలో అదే మొదటిసారి.

వారం తిరిగేసరికి వాసన పోయింది. చుక్కలు చాలావరకు పోయాయి. ఒక పరుపుకు అడుగు వైపు అరచేతంత మరక, మూలన ఉబ్బిన పలక, ఈ రెండూ మాత్రం మొండికేశాయి. దస్తగిరి ఊపిరి పీల్చుకున్నాడు. సరిగ్గా ఆ మర్నాడే గాలి లేచింది.

ఇసుక గాలి అంటే తెలియనివాళ్లకు ఎలా చెప్పాలి? మధ్యాహ్నం రెండు గంటలకు ఆకాశం పసుపు నీళ్ల రంగులోకి మారింది. దస్తగిరి పరిగెత్తి కిటికీలు మూసేలోపే సగం పెరడు లోపలికి వచ్చేసింది. బయట తెల్లటి కారవాన్ మట్టిముద్దయింది. మూడు రోజులు తుడిచినా రబ్బర్ల సందుల్లోంచి ఇసుక కారుతూనే ఉంది.

"కప్పితే బూజు, కప్పకపోతే దుమ్ము," అన్నాడు ఫోన్లో. విసుగూ ఏడుపూ కలిసి వచ్చాయి. "ఏంది మే నా గతి?"

"నువ్వు కప్పింది ప్లాస్టిక్కు. దానికి ఊపిరి యాడిది? నూలు గుడ్డ కప్పు. గాలిని పోనిస్తాది, ఇసుకను పట్టుకుంటాది. మెత్తగుంటాది గాబట్టి గీతలూ పడవు."

"అంత పెద్ద నూలు గుడ్డ ఎవురమ్ముతారు?"

"కొలతలు చెప్పు," అంది మాబున్నీ.

దస్తగిరి టేపు పట్టుకుని బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పొడవు, వెడల్పు, ఎత్తు, కిటికీలు ఎక్కడ, తలుపు ఎక్కడ, పైన ఏసీ పెట్టె ఎంత ఎత్తు లేచిందీ, అన్నీ చెప్పాడు. రాయచోటిలో మాబున్నీ కుట్టుమిషను ముందు కూచుంది. పాత నూలు చీరలతో బొంతలు కుట్టడం ఆమెకు నడక నేర్చినప్పటి నుంచి తెలుసు. ఇది ఒంటి పొర బొంత, అంతే. ఎటొచ్చీ చీరలే చాలవు. తనవి నాలుగు, వాళ్లమ్మవి రెండు. మిగతా ఐదూ వీధి ఇచ్చింది. హీరోయిన్ల బండి మీద మా చీర ఉండాలంటే మా చీర ఉండాలని ఆడవాళ్లు పోటీ పడ్డారు. రేణమ్మ చిలకపచ్చది ఇచ్చింది, ఎదురింటి నాజ్నీన్ మిరపపండు రంగుది ఇచ్చింది. మొత్తం పదకొండు. ఎనిమిది రోజులు మిషను ఆగలేదు.

కుట్టడం అయితే అయింది, పంపడమెలా? ఊరి నుంచి తిరిగొచ్చే ఏ మనిషీ తన సామాను ఒక్కటే తెచ్చుకోవడం గల్ఫులో జరగదు. సెలవు ముగించుకుని జెద్దాకు వస్తున్న మస్తాన్ వలీ ఇంటికి మాబున్నీ మూట ఎత్తుకుని పోయింది. ఆయన తూకం చూసి గుండెలు బాదుకున్నాడు. ఎనిమిది కిలోలు. ఇది బట్టా, పెళ్లి డేరానా అన్నాడు. అన్నాడే గానీ, తన పెట్టెలోంచి ఎనిమిది కిలోల సామాను తీసి ఇంట్లో పెట్టి, చీరల మూట పెట్టుకున్నాడు.

ఆగస్టు రెండో వారంలో దస్తగిరీ కాలేషా ఇద్దరూ కలిసి దాన్ని కారవాన్ మీదికి ఎక్కించారు. పైనుంచి కిందికి జారిస్తే ఎక్కడికక్కడ కూచుంది. ఏసీ పెట్టెకు మాబున్నీ విడిగా టోపీ కుట్టింది, కిటికీల దగ్గర మడత మీద మడత పెట్టి గాలికి దారి వదిలింది, కింద అంచు పొడుగునా నాడా దూర్చింది. ఎరుపు, చిలకపచ్చ, వంకాయ రంగు, పసుపు. ఆ గోధుమరంగు ఊరిలో అంత రంగు ఒక్కచోట ఎవరూ చూసి ఉండరు. దస్తగిరికి కళ్లు చెమర్చాయి. పక్కన కాలేషా ఉన్నాడని ముఖం తిప్పుకున్నాడు.

కాలేషా అరగంట సేపు బండి చుట్టూ తిరిగి తప్పు వెతికాడు. దొరకలేదు.

"ఇది కప్పినట్టు లేదన్నా, బండికి సీమంతం చేసినట్టుండాది," అన్నాడు ఆఖరికి.

ఆ వారంలో రెండుసార్లు గాలి లేచింది. రెండుసార్లూ దస్తగిరి గుండె చేత్తో పట్టుకుని, గాలి తగ్గాక చీర పక్కకు తొలగించి తలుపు తీశాడు. లోపల పొడిగా, శుభ్రంగా, ఏ వాసనా లేకుండా ఉంది. పరుపుకు చెంప ఆనించి చూశాడు. వెచ్చగా, పొడిగా ఉంది.

ఆగస్టు మూడో వారంలో అబూ నాయిఫ్ తాయిఫ్ నుంచి వచ్చాడు. కారు దిగి నేరుగా పెరట్లోకి నడిచి, చీరలు కట్టుకుని నిలబడ్డ కారవాన్‌ని చూసి ఆగిపోయాడు. చుట్టూ ఒకసారి తిరిగాడు. ఫోను తీసి నాలుగు పక్కల నుంచీ నాలుగు ఫోటోలు తీసుకున్నాడు. తర్వాత లోపలికి ఎక్కి చూసి, "మాషా అల్లా," అన్నాడు. "కొత్తదానిలా ఉంది."

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. మరక పరుపు అడుగున ఉంది, ఉబ్బిన పలకకు అడ్డంగా దస్తగిరే దిండు పెట్టాడు. ఎవరికీ కనపడదు. కానీ రేపు మాబున్నీ వచ్చి కూచునేది ఈ పరుపు మీదే. మరకలు దొంగతనంగా దాచిపెట్టిన ఇంట్లోకి ఆమెను ఎట్లా పిలుస్తాడు? పరుపు తిరగేశాడు. దిండు తీసేశాడు.

"నేనే పాడు చేసినా బాబా," అని జరిగిందంతా చెప్పాడు. పట్ట బిగించిన సంగతి, బూజు సంగతి, చీరల సంగతి.

అబూ నాయిఫ్ మరక వైపు చూశాడు, పలక మీద వేలితో తట్టాడు. మంచం అంచున కూచున్నాడు. దస్తగిరి జేబులో చెయ్యి పెట్టి తాళాలు పట్టుకుని నిలబడ్డాడు, ఎప్పుడు అడిగితే అప్పుడు ఇచ్చేద్దామని.

"దీనికి ముందు ఒక కారవాన్ ఉండేది, గుర్తుందా?" అన్నాడు అబూ నాయిఫ్.

"ఉంది బాబా. పిల్లలకు చాలడం లేదని అమ్మేసినారు."

"పిల్లలకు చాలక కాదు. మొదటి ఏడు కప్పకుండా వదిలేశా. పైన పగిలి లోపలికి నీళ్లు కారాయి. రెండో ఏడు విదేశాల నుంచి మంచి కవరు తెప్పించి కప్పా. గాలికి దాని బకిల్ కొట్టుకుని కొట్టుకుని ఒక పక్కంతా చెక్కేసింది. మా ఆవిడకు తెలియకుండా అమ్మేసి, పిల్లల పేరు చెప్పా." ఆయన మెడ వెనక రుద్దుకున్నాడు. "అందుకే ఈసారి నీ ఇష్టం అన్నా. పాడైతే నీ మీద తోసెయ్యొచ్చని."

దస్తగిరికి నవ్వొచ్చింది. ఆపుకుందామని చూశాడు గానీ ఆగలేదు. అబూ నాయిఫ్ కూడా నవ్వు మొదలుపెట్టాడు. యజమానీ డ్రైవరూ ఆ చిన్న కారవాన్‌లో పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే బయటి చీరలు కూడా కదిలాయి.

"పలక నేను మార్పిస్తా," అన్నాడు అబూ నాయిఫ్ దిగుతూ. "మీ ఆవిడ ఏ రోజు వస్తుంది?"

మాబున్నీ సెప్టెంబరు పన్నెండున వచ్చింది. ఉమ్రా ముగిశాక దస్తగిరే మక్కాకు పోయి కారులో తీసుకొచ్చాడు. పెరట్లో కారు ఆగేసరికి కారవాన్ తెల్లగా మెరుస్తూ నిలబడి ఉంది. చీరల కవరు విప్పి, మడిచి, సామాన్ల కొట్టులో పెట్టాడు. మెట్టు ముందు చిన్న చాప కూడా వేశాడు.

మాబున్నీ కాసేపు బయటే నిలబడింది. పైనుంచి కిందికి చూసింది. చెప్పులు విడిచి, కొంగు సర్దుకుని, పరాయి ఇంటికి వచ్చినట్టు తలుపు మీద రెండుసార్లు తట్టింది.

"ఎవరూ?" అన్నాడు దస్తగిరి ఆమె వెనకాలే నిలబడి.

"చుట్టాలం," అంది మాబున్నీ. అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నం అబూ నాయిఫ్ ఆఫీసు నుంచి ఫోన్ చేశాడు. గంటలో పెద్ద గాలి వస్తుందట, వాతావరణం వాళ్లు చెప్పారట, కారవాన్ వెంటనే కప్పెయ్యమన్నాడు. పదహారేళ్ల అలవాటు, బాబా మాట నోట్లో ఉండగానే దస్తగిరి కాళ్లు కొట్టు వైపు పరిగెత్తాయి. మూట భుజానికెత్తుకొచ్చి, ఒక కొస పైకి విసిరి, నిచ్చెనెక్కి లాగి, రెండో పక్కకు జారవిడిచాడు. నిచ్చెన దిగి నాడా బిగిస్తుంటే కిటికీ తెరుచుకుంది. రేణమ్మ చిలకపచ్చ చీర పక్కకు తొలిగింది, మాబున్నీ తల బయటికి వచ్చింది.

"ఏం చేస్తాండావయ్యా?"

"గాలొస్తాందంట మే. కప్పుతాండా."

"నేను లోపలే ఉండా కదా."

దస్తగిరి నాడా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మనుషులుండే ఇంటిని ఎవరైనా కప్పుతారా?" అంది మాబున్నీ. "కిటికీలు మూసుకుందాం. లోపలికి రా."

అతను నాడా వదిలేశాడు. జాగ్రత్తగా చీరలు దించాడు, మడతలు పెట్టాడు, కొట్టులో పెట్టి గడియ వేశాడు. అప్పటికే ఆకాశం రంగు మారుతోంది. లోపలికి వచ్చి తలుపు మూశాడు. ఇద్దరూ చెరొక పక్క నుంచి కిటికీలు మూసుకుంటూ వచ్చి మధ్యలో ఎదురుపడ్డారు. ఇసుక వచ్చి బయట రేకుకు తగులుతున్న చప్పుడు మొదలైంది.

మాబున్నీ టీ పెడదామని పొయ్యి దగ్గరికి పోయింది. ఒక అల్మైరా తెరిచింది, మూసింది. ఇంకోటి తెరిచింది. గిన్నె దొరికింది, టీ పొడి దొరికింది.

"చక్కెర యాడుందయ్యా?"

దస్తగిరి ఆమె వైపు చూశాడు. రాయచోటి ఇంట్లో ఆ మాట ఎప్పుడూ తాను అడిగేది, ఆమె చెప్పేది.

"నువ్వు కూచో," అన్నాడు. లేచి వెళ్లి ఆమె చేతిలోంచి గిన్నె తీసుకున్నాడు. పై అర తలుపు తీసి, చూడకుండానే చెయ్యి పెట్టి, ఎడమ పక్కనున్న స్టీలు డబ్బా కిందికి దించాడు. మాబున్నీ పరుపు మీద కాళ్లు పైకి పెట్టుకుని కూచుంది.

పాలు పొంగుకొస్తుండగా ఫోను మోగింది. అబూ నాయిఫ్.

"గాలి వచ్చేసిందా? కప్పావా?"

"కప్పలేదు బాబా," అన్నాడు దస్తగిరి. ఒక చేత్తో పొయ్యి తగ్గించాడు. "మేము ఇంట్లో ఉన్నాం."